ముద్ర పడిన తారీఖు

గూడూరు,
28 జూన్ 2024

మదార్ మామకు షమీమ్ సలాం.

యూనివర్సిటీ హాస్టల్లో దింపిన రోజు నువ్వు నా చేతిలో పాతిక కవర్లు పెట్టావు, గుర్తుందా? అన్నిటి మీదా నీ అడ్రసే, నీ చేతిరాతే. స్టాంపులు కూడా నువ్వే అంటించావు. రిటైరైన పోస్ట్‌మన్ మేనకోడలికి పెట్టే సారె ఇదేనా అని హాస్టల్ పిల్లలంతా నవ్వారు. ఇప్పుడు తీసింది పదో కవరు.

నీ గొంతు ఆపరేషన్ అయ్యాక ఫోన్ చేయాలంటే నాకు మనసొప్పడం లేదు. నేను మాట్లాడుతూ ఉంటాను, అటు నుంచి మెహబూబున్నీసా అత్త "మీ మామ తలకాయ ఊపతా ఉండాడమ్మే" అంటుంది. నీ తలకాయ నాకు కనపడదు కదా! వాట్సాప్‌లో రాయమంటే నీ వేలు ఒకేసారి మూడు అక్షరాల మీద పడుతుంది. అందుకే ఉత్తరమే మేలు.

ఎమ్మెస్సీ అయిపోయింది మామా. మైక్రోబయాలజీ, ఫస్ట్ క్లాస్. పట్టా అందుకున్న రోజు నాయన కాకుటూరులో యూనివర్సిటీ దాకా వచ్చాడు. నేను వేసుకున్న నల్లగౌను అంచు పట్టుకుని చూసి, "బట్ట బో మందంగుందే, పరుపు గలేబుకు పనికొస్తాది" అన్నాడు. నేను పగలబడి నవ్వాను. ఆయన పక్కకు తిరిగి కళ్లు తుడుచుకుంటున్నాడని తర్వాత గమనించాను. మన ఇళ్లలో నువ్వు తప్ప అందరూ దూది ఏకినవాళ్లే. పట్టా పట్టుకున్నది నేనే మొదలు.

ఇప్పుడు పరుపుల కొట్టుకు ఎవరొచ్చినా నాయన ముందు నా చదువు చెప్పి, తర్వాతే పరుపు చూపిస్తున్నాడు. వాళ్లు "ఉద్యోగం యాడ?" అంటారు. ఈయన "వస్తాది, వస్తాది" అంటాడు. నేను లోపలి గదిలోంచి అంతా వింటూ ఉంటాను.

మా క్లాసులో ఇరవై రెండు మందిమి. ఉద్యోగం దొరికింది ముగ్గురికి. ఎక్కడికి వెళ్లినా అనుభవం ఉందా అని అడుగుతున్నారు. చదువుకునేటప్పుడు పరీక్షలంటే భయం ఉండేది, కానీ ఆ భయానికి ఒక తేదీ ఉండేది. అది దాటితే అన్నం సహించేది. ఈ భయానికి తేదీ లేదు మామా. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నీకైతే చెప్పినా నువ్వు ఎవరికీ చెప్పలేవు కదా!

కోప్పడకు. నవ్వుతావనే రాశాను.

నీ షమీమ్

*

కోట,
3 జూలై 2024

షమీమ్‌కు మామ రాసేది.

నవ్వాను. నవ్వితే గొంతులోంచి తుప్పు పట్టిన సైకిల్ బెల్లు శబ్దం వస్తుంది. ఏమైందోనని మీ అత్త గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

నీ ఉత్తరం ఒకటో తారీఖు అందింది. 28న రాశావు, 28నే గూడూరు ముద్ర పడింది. శభాష్. ముద్ర చూడనిదే నేను కవరు చింపనని నీకు తెలుసు. చిన్నప్పుడు సైకిల్ కడ్డీ మీద కూర్చోబెట్టుకుని నీకు అక్షరాల కంటే ముందు ముద్రలు చదవడం నేర్పాను. లోపల కాగితం మీద మనిషి తనకు తోచిన తారీఖు వేసుకుంటాడు. డబ్బాలో ఎప్పుడు వేశాడన్నది ముద్ర చెప్తుంది. "నెల కిందటే రాశాను, పోస్టాఫీసు వాళ్లే ఆలస్యం చేశారు" అనేవాళ్లను నా సర్వీసులో ఎంతమందిని చూశానో!

ఇక భయం మాట. గొంతులో గడ్డ అన్నప్పుడు నాకూ భయమేసింది. మాట పోతుందని డాక్టరు చెప్పాడు, పోయింది. అయినా మూడు పూటలా తింటున్నాను, మెడలో చిన్న పుస్తకం తగిలించుకుని మీ అత్తతో కాగితం మీద పోట్లాడుతున్నాను. ఏదీ ఆగలేదు. నీకూ ఆగదు.

నా సంగతి చెప్తే నవ్వుతావు. పక్కింటి పెంచలకృష్ణ, నేను కలిసి ఉప్పుటేరు పక్కన రొయ్యల గుంట ఒకటి కౌలుకు పట్టినాం. ఎండాకాలం పంట వేస్తాం. ఆయన నోరు మూయడు, నేను తెరవలేను. జోడీ బాగా కుదిరిందని ఊరంతా అంటున్నారు.

ఉద్యోగం వచ్చేదాకా ఉత్తరాలు రాయి. ఉన్నది ఉన్నట్టు రాయి.

మదార్

*

గూడూరు,
21 అక్టోబర్ 2024

మామకు,

నాలుగు నెలలు రాయలేదు. రాయడానికి మంచిమాట ఒక్కటీ లేక రాయలేదు.

చెన్నైకి మూడుసార్లు వెళ్లొచ్చాను. ఒక చోట నాలుగు పోస్టులకు మూడొందల మందిమి ఎండలో నిలబడ్డాం. నా వంతు వచ్చేసరికి "అయిపోయినాయి, ఈమెయిల్ చూస్తా ఉండు" అన్నారు. నాయుడుపేట వైపు మందుల కంపెనీలో ఇంటర్వ్యూ చేసినాయన నాకంటే చిన్నవాడిలా ఉన్నాడు. పాసై ఐదు నెలలైంది, ఇన్నాళ్లూ ఖాళీగా ఏం చేశావని అడిగాడు. నీలాంటివాళ్ల ముందు కూర్చున్నాను అని నాలుక చివరిదాకా వచ్చింది. "ప్రిపేరవుతున్నాను సార్" అన్నాను.

మొన్న నెల్లూరులో బట్టల షాపుకు వెళితే మా బిందు కనిపించింది. హాస్టల్లో నా రూమ్మేట్, కెమిస్ట్రీలో నాకంటే ఎక్కువ మార్కులు. చీరలు మడత పెడుతోంది. నన్ను చూసి గభాలున కౌంటర్ కింద కూర్చుంది. నేనూ చూడనట్టు బయటికొచ్చాను. అది నన్ను చూసి సిగ్గుపడింది. నాకేమో దాన్ని చూసి భయమేసింది. ఆ పనిలో తప్పేముంది మామా? ఏమీ లేదు. అయినా ఇంటికొచ్చేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

నాయన కొట్టుకొచ్చినవాళ్లకు నా చదువు గురించి చెప్పడం మానేశాడు. చెప్పినన్నాళ్లూ విసుగ్గా ఉండేది. మానేశాక ఇంట్లో ఎవరో పోయినట్టుంది.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న అల్లూరు వైపు సముద్రం ఒడ్డున ఉన్న ఒక హేచరీ నుంచి ఫోన్ వచ్చింది. రొయ్య పిల్లలను పుట్టించి రైతులకు అమ్ముతారట. వాళ్ల ల్యాబ్‌లో ఎనలిస్ట్ కావాలట. నరేంద్రబాబు గారని మేనేజర్, రెండే ప్రశ్నలు అడిగాడు. ఎమ్మెస్సీయేనా? సంతకం ఇంగ్లీషులో చేస్తావా? అంతే, సోమవారం వచ్చి చేరమన్నాడు. ఇంత సులువుగా దొరికితే కూడా భయంగానే ఉంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకురమ్మన్నాడు.

షమీమ్

*

కోట,
25 అక్టోబర్ 2024

షమీమ్,

మీ అత్త ఊరంతా చక్కెర పంచింది. పెంచలకృష్ణ తనకే ఉద్యోగం వచ్చినట్టు వీధి పొడుగునా చెప్పుకుంటూ పోయినాడు. "మన షమీమ్ రొయ్యల డాక్టరంట!" అని. నేను కాదనలేను కదా, నోరెక్కడిది!

ఒక్కటే మాట. జిరాక్సులు ఎన్నైనా ఇవ్వు. ఒరిజినల్స్ మాత్రం చూపించి వెనక్కి తెచ్చుకో. ఎవరి చేతిలోనూ వదలొద్దు.

మామ

*

హేచరీ క్వార్టర్స్,
అల్లూరు మండలం,
6 డిసెంబర్ 2024

మామకు సలాం.

ఇక్కడంతా బాగుంది. తెల్లకోటు ఇచ్చారు. జేబు మీద నా పేరు కుట్టి ఉంది. ల్యాబ్ కిటికీ తీస్తే ఎదురుగా సముద్రం. తొట్లలో పిల్లలు ఎంత సన్నగా ఉంటాయంటే, గ్లాసులో ముంచి వెలుతురుకు ఎత్తితే కళ్లు మాత్రమే కనిపిస్తాయి, నల్లచుక్కల్లా. వాటికి తెల్లమచ్చ రోగం ఉందా లేదా అని మెషిన్‌లో టెస్టు చేసి, లేదంటేనే రైతులకు పంపాలి. ఆ రోగం ఉన్న పిల్లను గుంటలో వేస్తే నెల తిరిగేసరికి గుంటంతా పోతుందట. రిపోర్టు మీద సంతకం నాదే. మెషిన్ రిపేరుకు వెళ్లింది, త్వరలో వస్తుందన్నారు.

గేటు దగ్గర ఫోన్లు తీసుకుంటారు. రోజూ సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా ఇస్తారు. తొట్లు కడిగే రెబెక్కమ్మ అని ఒక పెద్దామె ఉంది, నాకు చేపల పులుసు తెచ్చి పెడుతోంది. "నీకు ముందు ఇద్దురు పాపలొచ్చి పోయినారు తల్లీ" అంది. ఎందుకు పోయారని అడిగితే తొట్టి కడుక్కుంటూ కూర్చుంది.

సర్టిఫికెట్లు భద్రంగా ఉన్నాయి. నువ్వు కంగారుపడొద్దు.

ఇక్కడి నుంచి నీకు ఉత్తరం ఎన్ని రోజుల్లో వస్తుందో చూసి చెప్పు.

షమీమ్, ఎమ్మెస్సీ
(జీతం వచ్చింది కదా, కొంచెం పొగరు)

*

కోట,
27 జనవరి 2025

రొయ్యల డాక్టరు గారికి మామ రాసేది.

అల్లూరు నుంచి కోటకు సరిగ్గా మూడు రోజులు. నీ ఉత్తరం ముద్ర చూసి లెక్కగట్టాను. మధ్యలో ఆదివారం పడితే నాలుగు.

ఇప్పుడు చెప్పబోయేది విని ఎగిరి గంతెయ్. గుంట తయారైంది. పిల్ల ఎక్కడ కొనాలా అని పెంచలకృష్ణ నాలుగు హేచరీల రిపోర్టులు తెచ్చి అరుగు మీద పరిచినాడు. నేను అద్దాలు పెట్టుకుని ఒక్కొక్కటే చూస్తున్నాను. నాలుగోదాని కింద ఏముందో తెలుసా? "దూదేకుల షమీమ్, ఎమ్మెస్సీ." పక్కనే నీ సంతకం, చిన్నప్పుడు నా పోస్టు సంచి మీద సుద్దతో గీసినట్టే, చివర తోక తిప్పి! ఆ కాగితాన్ని మీ అత్తకు చూపించాను. చాకలి వెంకయ్యకు చూపించాను. చదువు రాని వాళ్లకు కూడా చూపించాను.

పిల్ల తెచ్చే ముందు ఇక్కడి రైతులు నాలుగు పిల్లలను సంచిలో పట్టుకెళ్లి గూడూరులో వేరే ల్యాబ్‌లో టెస్టు చేయించుకుంటారు. హేచరీ కాగితాన్ని ఎవరూ నమ్మరు, అది ఇక్కడి పద్ధతి. పెంచలకృష్ణ కూడా "పోయొద్దాం మామా" అన్నాడు. నేను పుస్తకంలో పేజీ నిండా పెద్దక్షరాలతో రాసి ఆయన ముఖం మీద పెట్టాను: మా షమీమ్ సంతకం కింద ఇంకొకరి సంతకం ఎందుకు? పాపం, నోరు మూసుకున్నాడు.

ఫిబ్రవరి 13 పొద్దున మీ హేచరీ బండి పిల్లను తెస్తుంది. నీ చేత్తో టెస్టు చేసిన పిల్ల మన గుంటలో పడుతుంది. నా రిటైర్మెంటుకు దీనికి మించిన పండుగ లేదు.

మదార్

*

హేచరీ క్వార్టర్స్,
3 ఫిబ్రవరి 2025

మామకు,

నీ ఉత్తరం చదివాను. సంతోషం.

మామా, ఎందుకైనా మంచిది, గూడూరులో ఒకసారి టెస్టు చేయించుకో. మా దగ్గర పని ఎక్కువగా ఉంటోంది, పొరపాట్లు జరగవచ్చు. వేరే హేచరీ పిల్లయినా నేనేమీ అనుకోను. పెంచలకృష్ణ గారు చెప్పినట్టు చెయ్యి.

అత్తను అడిగానని చెప్పు.

షమీమ్

*

కోట,
15 ఫిబ్రవరి 2025

షమీమ్,

పదమూడో తారీఖు పొద్దున ఆరున్నరకు బండి వచ్చింది. గాలి నింపిన ప్లాస్టిక్ సంచులను అరగంట నీళ్ల మీద తేలేసి, తర్వాత మూతులు విప్పి వదిలాం. మొదటి సంచి మూతి నేను విప్పాను. బిస్మిల్లా అనుకున్నాను. పెంచలకృష్ణ టెంకాయ కొట్టినాడు.

నీ ఉత్తరం పద్నాలుగో తారీఖు మధ్యాహ్నం అందింది.

లోపల నువ్వు వేసిన తారీఖు 3. కవరు మీద అల్లూరు ముద్ర 11. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. పోస్టాఫీసుకు వెళ్లి వాళ్ల భూతద్దం అడిగి చూశాను. 11.

మూడో తారీఖున డబ్బాలో వేస్తే ఆరున నా చేతిలో ఉండేది. వారం రోజులు టైముండేది. పదకొండున వేస్తే పద్నాలుగున వస్తుంది. ఇది నీకు తెలియదని నేను అనుకోను.

ఎనిమిది రోజులు ఆ కవరు ఎక్కడుంది షమీమ్? సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా నీ చేతిలో ఫోనుంటుంది. మీ అత్త ఫోను గంట కొట్టలేదు.

ఏమి పొరపాట్లు జరుగుతున్నాయి అక్కడ?

మదార్

*

హేచరీ క్వార్టర్స్,
20 ఫిబ్రవరి 2025

మామా,

తెల్లకోటు జేబులో ఉంది. ఎనిమిది రోజులూ అక్కడే ఉంది. సంతకం పెట్టడానికి వంగినప్పుడల్లా కవరు మూల పొట్టలో గుచ్చుకునేది.

మెషిన్ రిపేరుకు వెళ్లలేదు. నేను వచ్చేనాటికే పాడై మూలన ఉంది, దాని మీద గుడ్డ కప్పి ఉంది. చేరిన మూడో రోజు నరేంద్రబాబు ఒక కాగితం ఇచ్చి, "ఇందులో ఉన్నట్టు నింపి సంతకం పెట్టమ్మా, టెస్టు నెల్లూరులో చేయించినాం" అన్నాడు. నమ్మాను. నాలుగోసారి నెల్లూరు రిపోర్టు చూపించమని అడిగాను. "చెన్నైలో మూడొందల మందిలో నిలబడ్డావంటనే? మళ్లా పోయి నిలబడతావా?" అన్నాడు. చేరిన రోజు నేనే నవ్వుతూ చెప్పాను మామా, కష్టపడ్డానని మెచ్చుకుంటాడని చెప్పాను.

ఒరిజినల్స్ కూడా ఆయన బీరువాలోనే ఉన్నాయి. చేరిన రోజే తీసుకున్నాడు, అందరివీ అక్కడే పెడతారట. భద్రంగా ఉన్నాయని నీకు రాశాను. ఎక్కడో రాయలేదు. నాయన గలేబుకు పనికొస్తుందన్న గౌను వేసుకుని తీసుకున్న పట్టా ఇనప బీరువాలో ఉంది, తాళంచెవి ఆయన మొలతాడుకు ఉంది.

ఇప్పటిదాకా నలభై ఒక్క రిపోర్టుల మీద సంతకం పెట్టాను. ఒక్క పిల్లకు కూడా టెస్టు చేయలేదు. తెల్లమచ్చ లేదు, లేదు, లేదు అని రాశాను. ఉందో లేదో ఆ పైవాడికే తెలుసు. ఏ తొట్టి పిల్ల ఎవరి ఊరికి పోయిందో నోట్‌బుక్కులో రాసి పెట్టుకున్నాను. ఎందుకు రాస్తున్నానో అప్పుడు నాకే తెలియదు.

మూడో తారీఖున నీకు జవాబు రాశాను. సాయంత్రం ఆరింటికి ఫోన్ చేతిలోకి వచ్చింది. అత్త నంబరు తీశాను. చెప్తే నువ్వు పిల్లను వద్దంటావు, పెంచలకృష్ణ గారు ఎందుకని ఇక్కడికే ఫోన్ చేస్తాడు, నరేంద్రబాబుకు నా మీద అనుమానం వస్తుంది, నన్ను గెంటేస్తారు, నాయన మళ్లీ కొట్టులో తలవంచుకుని కూర్చుంటాడు. ఇదంతా ఒక్క నిమిషంలో కళ్ల ముందు తిరిగింది. ఫోన్ గేటు దగ్గర తిరిగిచ్చేశాను. అట్లా ఎనిమిది సాయంత్రాలు. పదకొండో తారీఖున అల్లూరు వెళ్లి డబ్బాలో వేశాను. మూడు రోజులని నువ్వే చెప్పావు. లెక్క వేసుకునే వేశాను. చెప్పినట్టూ ఉంటుంది, చెప్పనట్టూ ఉంటుందని.

నువ్వు ముద్ర చూస్తావని ఆ క్షణం గుర్తే రాలేదు. చూడు ఎంత భయపడి ఉన్నానో.

నన్ను తిట్టు. జవాబు రాయకుండా మాత్రం ఉండొద్దు.

షమీమ్

*

కోట,
22 మార్చి 2025

షమీమ్,

నెల రోజులు జవాబు రాయలేదు. ఎందుకో చెప్తాను, విను.

నీ ఉత్తరం చదివిన రోజే పెంచలకృష్ణకు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. రోజూ గుంటలో మేత పళ్లెం ఎత్తి చూసేవాణ్ణి. మేత మిగలడం లేదు, రొయ్యలు తెగ ఎగురుతున్నాయి. నీది ఉత్త భయమేమో, అల్లా దయ వల్ల ఏమీ కాదేమో అనుకున్నాను. నిన్ను ముద్ర చూపి నిలదీసినవాణ్ణి, నా దాకా వచ్చేసరికి నేనూ నోరు మూసుకున్నాను. నోరెక్కడిదిలే, రాసే చేయి మూసుకున్నాను.

పద్దెనిమిదో తారీఖు తెల్లారి గుంట గట్టుకు పోతుంటే దూరం నుంచే కాకులు కనిపించాయి. రోజూ నాలుగైదు ఉంటాయి, గుంట పైన దారాలు కట్టాం కాబట్టి వాలవు. ఆ పొద్దు గట్టంతా నల్లగా ఉంది. దగ్గరికి పోతే రొయ్యలు అంచుకు వచ్చి తేలుతున్నాయి, ఎర్రగా. ఒకదాన్ని పట్టి పెంకు ఊడదీసి ఎండకు పెట్టి చూశాను. తెల్లమచ్చలు. సాయంత్రానికి గుంటంతా పోయింది. పక్క గుంటలకు పాకకుండా తూము మూసి బ్లీచింగ్ చల్లాం. పెంచలకృష్ణ నీళ్లలోకి చూస్తూ, "మన కర్మ మామా, మనం చేసిన తప్పేముంది" అన్నాడు. రంజాన్ ఉపవాసంలో ఉన్నాను. అయినా నిజం రాయకుండా మెడలో పుస్తకాన్ని చొక్కా లోపలికి తోసుకున్నాను.

ఆయన నెల్లూరు మత్స్యశాఖ ఆఫీసులో ఫిర్యాదు ఇస్తానంటున్నాడు. హేచరీ రిపోర్టు ఇయ్యి మామా అని అడుగుతున్నాడు. ఆ కాగితం నా దగ్గరుంది. నరేంద్రబాబు పేరు దాని మీద ఎక్కడా లేదు. మొదటి నుంచి చివరిదాకా నీ పేరొక్కటే ఉంది. నీకు ముందు వచ్చిన ఇద్దరు పిల్లలు ఎందుకు పోయారో, ఎమ్మెస్సీ సంతకం వాళ్లకు ఎందుకు కావాల్సొచ్చిందో ఇప్పుడు తెలిసింది.

"యాడో పెట్టినా, వెతకతా ఉండా" అని పుస్తకంలో రాసి చూపించాను. నాలుగు రోజులుగా అదే పేజీ తిప్పి చూపిస్తున్నాను. కాగితం నా పాత పోస్టు సంచి అడుగున ఉంది. సర్వీసంతా ఒకరి కాగితం ఒక పూట కూడా నా దగ్గర ఆపలేదు షమీమ్. వానలో, వరదలో పట్టుకెళ్లి ఇచ్చినవాణ్ణి. ఇప్పుడు దాచాను. నువ్వు ఎనిమిది రోజులు దాచావు, నేను నాలుగు. పెద్ద తేడా ఏమీ లేదు.

ఇస్తే నీ మీద కేసవుతుంది. ఇవ్వకపోతే ఆ బండి రేపు ఇంకో ఊరికి పోతుంది. నాకు ఏమీ తోచడం లేదు. నా అక్క కూతురివి, నా సైకిల్ మీద పెరిగావు. నీ జవాబు వచ్చేదాకా ఆగుతాను. ఫోన్ చేయొద్దు. ఫోన్ చేస్తే నువ్వు ఏడుస్తావు, మీ అత్త ఏడుస్తుంది, సంగతి తేలదు. కాగితం మీద రాయి.

నాకు రాశాక కూడా సంతకాలు పెట్టావా? అది కూడా రాయి.

మామ

*

అల్లూరు,
27 మార్చి 2025

మామా,

పెట్టాను. నీకు అంతా ఒప్పుకున్నాక కూడా ఆరు పెట్టాను. మొత్తం నలభై ఏడు.

నీ ఉత్తరం మొన్న అందింది. చదివి తొట్ల దగ్గర కూలబడ్డాను. రెబెక్కమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ముఖం కడిగి, "ఏందమ్మే, ఇంట్లో ఎవురన్నా పోయినారా?" అంది. మా మామ గుంట పోయిందన్నాను. ఆమె గట్టిగా నిట్టూర్చి, "మా తమ్ముడిది పోయిన సంవత్సరమే పాయ. ఆ కాయితం మీద నీ ముందు పాప పేరుండాది" అంది. నాకు రోజూ పులుసు పెట్టిన చేయి మామా అది. ఆమెకు అంతా తెలిసే పెట్టింది.

నిన్న నరేంద్రబాబు దగ్గరికి పోయి సర్టిఫికెట్లు అడిగాను. ఇంక సంతకాలు పెట్టనన్నాను. ఆయన కోప్పడలేదు, కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "పోమ్మా, యాడికన్నా పో. సంతకం నీది, నాది కాదు. కేసంటూ అయితే బోనులో నిలబడేది నువ్వే. కాయితాలు నా కాడ్నే ఉంటాయిలే, యా కంపెనీకి పోతావో చూస్తా" అన్నాడు. కోటు విప్పి ఆయన బల్ల మీదే పెట్టి వచ్చేశాను. పట్టా బీరువాలోనే ఉంది.

ఈరోజు పొద్దున నెల్లూరు మత్స్యశాఖ ఆఫీసుకు రిజిస్టర్డ్ ఉత్తరం పంపాను. మెషిన్ సంగతి, సంతకాల సంగతి, నలభై ఏడు బండ్లు ఏయే ఊళ్లకు పోయాయో అంతా రాశాను. మొదటి వాక్యంలోనే నా పేరు రాశాను. పెంచలకృష్ణ గారి పేరు, నీ పేరు కూడా ఉన్నాయి. ఎంక్వయిరీకి వస్తే మూలనున్న మెషిన్ చూపించాలి కదా, అందుకే ఇంటికి వెళ్లలేదు. రెబెక్కమ్మ ఇంట్లో ఉన్నాను. తను కూడా సాక్ష్యం చెప్తానంది.

నాయనకు ఫోన్ చేసి చెప్పాను. కొట్టులో ఎవరో పరుపు రేటు అడుగుతుంటే వినిపిస్తోంది, ఆయన వాళ్లను రేపు రమ్మన్నాడు. తర్వాత "అన్నం తిన్నావా?" అన్నాడు.

కాగితం ఇచ్చెయ్ మామా. ఒక్క పూట కూడా ఆగొద్దు.

నాకు చాలా భయంగా ఉంది. జైలుకు పంపుతారేమో, పంపకపోయినా ఇంక ఎవరూ ఉద్యోగం ఇవ్వరేమో. పండుగ పూట మీరంతా నా వల్ల తలదించుకుంటారేమో. భయం ఏమాత్రం తగ్గలేదు. కానీ ఈ ఉత్తరాన్ని జేబులో పెట్టుకోలేదు. పోస్టాఫీసు కౌంటర్ దగ్గరే రాస్తున్నాను. నా కళ్ల ముందు ముద్ర వేసేదాకా ఇక్కడే నిలబడతాను.

షమీమ్

*

కోట,
1 ఏప్రిల్ 2025

షమీమ్,

మధ్యలో ఆదివారం, నిన్న పండుగ. అందుకని ఐదు రోజులు పట్టింది. ఇప్పుడే అందింది.

కాగితం, దానితో పాటు ఫిబ్రవరి నుంచి వచ్చిన నీ ఉత్తరాలు మూడూ పెంచలకృష్ణకు ఇచ్చాను. నాలుగు రోజులని నేను రాసింది ఇవాళ్టికి రెండు వారాలైందని కూడా పుస్తకంలో రాసి చూపించాను. ఆయన అరుగు మీద కూర్చుని అన్నీ చదివాడు. నీ పేరు దగ్గర వేలు పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండడం నా జన్మలో చూడలేదు. తర్వాత లేచి నా వైపు చూడకుండానే, "రేపు పొద్దున ఏడు గంటల బస్సుకు నెల్లూరు పోదాం. నువ్వు రాయి, నేను మాట్లాడతా" అన్నాడు. ఇంకా నాతో సరిగా మాట్లాడడం లేదు. మాట్లాడేదాకా ఆగుతాను.

పట్టా పోతే యూనివర్సిటీలో ఇంకోటి అడుగుదాం. కేసు అయితే ఇద్దరం కోర్టు మెట్ల మీద కూర్చుందాం. నాకూ భయంగానే ఉంది, అబద్ధం చెప్పను. మీ అత్త నీ వాటా సేమ్యా గిన్నెలో మూతపెట్టి ఉంచింది. పాడైపోతుందే అని రాస్తే వినడం లేదు.

నువ్వు 27న రాశావు. ముద్ర కూడా 27. ఈసారి కవరును పైనుంచి చింపలేదు. ఆ ముద్ర చెడకుండా పక్కనుంచి బ్లేడుతో కోశాను.

మదార్ మామ